లింగమూర్తి కూతురు పెట్టిన టెస్టర్

జ్యోత్స్న గురించి మంచిగా రాయమంటే నావల్ల కాదు. నిజం రాయమంటే రాస్తాను. ఆ నిజం చివరికి మంచిగానే తేలుతుంది, నా ఖర్మ.

తొంభైతొమ్మిదిలో, హైటెక్ సిటీలోని ఆ గుండ్రటి కొత్త భవనంలో, ఓ చిన్న కంపెనీలో మేమిద్దరం ఒకే రోజు చేరాం. ఆరు నెలలు ట్రైనీలం. తర్వాత ఒక్కరినే ఉంచుకుంటామని మేనేజరు రామబ్రహ్మం గారు మొదటి రోజే చెప్పేశారు. నేను గుంటూరులో ఎంసీఏ చేసి వచ్చినదాన్ని. ఆమె చందానగర్ పిల్ల, నాకంటే మూడేళ్ళు చిన్న, మామూలు డిగ్రీ, ఆపైన అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు. వాళ్ళ నాన్న లింగమూర్తి కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. బడి అయ్యాక ఆ కొట్లో రాగి తీగ చుడుతూ పెరిగిందట. ఇదంతా విని, కుర్చీ నాదేనని హాయిగా నిద్రపోయాను.

ఆ నిద్ర నెల రోజులే. రామబ్రహ్మం గారు నా బల్ల దాటి వెళ్ళి ఆమె బల్ల దగ్గర ఆగడం మొదలుపెట్టారు. ఎవరేం అడిగినా "జ్యోత్స్నని అడగండి" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది. చివరికి ఆమె డబ్బాలో జొన్నరొట్టె మీద కూడా నాకు ఏడుపే. అందరూ ఓ ముక్క అడిగేవారు. నా పులిహోర ఎవరూ అడగలేదు.

అప్పుడు ఒక ఆసుపత్రికి వెబ్‌సైట్ చేస్తున్నాం. రోగి వివరాలు కొడితే అపాయింట్‌మెంట్ చీటీ తెర మీదికి రావాలి. ఆ చీటీకి ఒక టెంప్లేట్ ఉంటుంది. శుభలేఖ నమూనాలో పేర్లకు చోటు వదిలినట్టు, అందులో పేరుకో గుర్తు, తేదీకో గుర్తు పెడతాం. ప్రోగ్రాము ఆ గుర్తుల చోట అసలు వివరాలు నింపుతుంది. ఆ పని జ్యోత్స్నకిచ్చారు. నేను ఊరుకుంటానా? ఆమె ముగించిన టెంప్లేట్‌ను నా ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, సర్వరు ముందుగా నా ఫోల్డర్‌లోనే వెతికేలా సెట్టింగు మార్చాను. నా కాపీని అందంగా దిద్దుతాను, ఆయన తెరిచి ఇదెవరు చేశారని అడుగుతారు, అదీ పథకం. ఇంతలో ఆయన వారం సెలవు పెట్టారు. చూసేవాళ్ళు లేక దిద్దడం మానేశాను, ఆ కాపీ సంగతే మరిచాను.

ఆయన తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి, చీటీలో వయసు కూడా ఉండాలి, నాలుగింటికి వచ్చి చూస్తామన్నారు. అయిదు నిమిషాల పని. జ్యోత్స్న టెంప్లేట్‌లో వయసు గుర్తు చేర్చింది. చీటీలో వయసు రాలేదు. స్పెల్లింగు చూసింది, బ్రౌజరు దాచుకున్న పాత పేజీలు తుడిచింది, సర్వరు ఆపి మళ్ళీ నడిపింది. ఊహూఁ. మధ్యాహ్నం రొట్టె డబ్బా తెరవనే లేదు. నాకు మాత్రం ఆ రోజు పులిహోర అమృతంలా దిగింది.

రెండింటికి రామబ్రహ్మం గారు వచ్చి, "ఏమ్మా, అయిదు నిమిషాలన్నావు?" అన్నారు. ఆ గొంతులో విసుగు వినిపించింది. కుర్చీ నా వైపు జరిగినట్టే అనిపించింది. సరిగ్గా అప్పుడు నా కాపీ గుర్తొచ్చింది. సర్వరు చదువుతున్నది నా ఫైలు, ఆమె దిద్దుతున్నది తన ఫైలు. ఒక్క మాట చెబితే అయిపోయేది. తప్పని తెలిసీ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

మూడవుతుండగా ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసింది. "ఇగ దిద్దుడు బంద్ అక్కా. మోటరు తిరుగకుంటే మా నాయన ముందుగాల విప్పడు. కరెంటొస్తుందా లేదా టెస్టర్ పెట్టి చూస్తడు."

టెంప్లేట్ పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం కొట్టింది: జ్యోత్స్న ఈడ ఉన్నది. పేజీ మళ్ళీ తెరిచింది. ఆ వాక్యం ఎక్కడా లేదు.

"చూసినవా? ఈ ఫైలుకు కరెంటే లేదు. సర్వరు ఇంకోటి చదువుతున్నది."

"ఇంకోటి ఎక్కడుందో నాకేం తెలుసు?" అన్నాను. ఆమె నన్ను అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను.

ఆ టెంప్లేట్ పేరుతో సర్వరంతా వెతికించింది. నా పేరున్న ఫోల్డర్ తెర మీదికొచ్చింది.

"నన్ను అడిగితే నేనే ఇస్తుంటి గదా అక్కా," అంది మెల్లగా.

నా కాపీని తీసేసింది. నాలుగింటికి ముందే చీటీలో వయసు వచ్చింది. ఏమైందని రామబ్రహ్మం గారు అడిగితే ఆమె నన్ను కాపాడలేదు. "వాసంతక్క ఫోల్డర్ల ఒక కాపీ ఉండె సార్, సర్వరు దాన్ని చదివింది," అని మోటారు ఎక్కడ కాలిందో చెప్పినట్టు చెప్పింది. ఆయన నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. ఆరు నెలలు నిండాక కుర్చీ ఆమెకిచ్చారు. నేను సికింద్రాబాద్‌లో ఇంకో ఉద్యోగం వెతుక్కున్నాను.

తర్వాత చాలా ఆఫీసులు మారాను. పేజీ మొండికేసినప్పుడల్లా, నేను దిద్దుతున్న ఫైలే తెర మీదికి వస్తోందా అని ముందు ఒక వాక్యం కొట్టి చూస్తాను. ఏ వాక్యమైనా చాలు. నా పేరే కొట్టుకోవచ్చు. కానీ తొందరలో చేతికి వచ్చేది ఒకటే. గుంటూరుదాన్నై ఉండీ, ఆ "ఈడ" కూడా ఆమె అన్నట్టే కొడతాను. జ్యోత్స్న ఈడ ఉన్నది. అది తెర మీద కనబడగానే గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాను, ఆ వెంటనే కడుపు మండుతుంది.