మా పెద్దావిడ మిగిల్చి వెళ్ళిన పని

మా పెద్దావిడ పోయిందని నాకెవరూ నోటితో చెప్పలేదు. శుక్రవారం పొద్దున్నే చేపల కోసం ఇక్కడ బహ్రెయిన్‌లో మనామా మార్కెట్టుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి, వాళ్ళ బంధువులావిడ ఇంట్లో నిలవ ఉన్న నీళ్ళన్నీ తెచ్చి గుమ్మం ముందు పారబోస్తోంది. కూజా, సీసాలు, చివరికి కెటిల్లో నీళ్ళు కూడా. నాకు ఒళ్ళు మండింది. "ఈ ఎండల్లో మంచినీళ్ళు ఎవరైనా పారబోస్తారా? పెద్దావిడ చూస్తే ఊరుకుంటుందనుకున్నావా?" అని కేకలేశాను. ఆవిడ ఇంకో సీసా మూత తీసింది. యూదుల ఇళ్ళలో మనిషి పోతే అలా చేస్తారట. చావు మాట పైకి అనకుండానే ఇరుగుపొరుగుకి తెలియాలని. నాకేం తెలుసు? లోపల మంచం మీద పెద్దావిడ చల్లబడి ఉంటే, బయట నేను చేపల సంచితో నిలబడి పోట్లాడుతున్నాను.

తెలిశాక ఇంకో పోట్లాట. మా గోదావరి వైపు ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెడతాం, పోయినవాళ్ళకు దాహమేస్తుందని. నేను గ్లాసు నింపి కిటికీలో పెట్టాను. బంధువులావిడ పారబోసింది. మళ్ళీ నింపాను. ఆవిడ నా మొహం చూసి ఈసారి వదిలేసింది.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా గదిలో ఉండే అమ్మాయి రాస్తోంది. "పోయినవాళ్ళ గురించి కదా పెద్దమ్మా, కాస్త శాంతంగా చెప్పు" అంది. శాంతంగా ఉన్నదాన్నయితే నీతో రాయించేదాన్నా అన్నాను. కోపం తీసేయకుండా రాయమన్నాను.

నేను ఆ ఇంట్లో వంటా, ఇంటిపనీ చేసేదాన్ని. ఇక్కడ పనివాళ్ళందరూ పిలిచినట్టే ఇంటావిడను మామా అని పిలిచేదాన్ని. బహ్రెయిన్‌లో యూదులు ఏ కొద్దిమందో ఉన్నారు. ఆవిడ ఇక్కడే పుట్టింది. బొంబాయితో బట్టల వ్యాపారం చేసిన తండ్రి దగ్గర హిందీ నేర్చుకుంది. మా కబుర్లు సగం హిందీ, సగం అరబ్బీ. వాటిని మన మాటల్లోకి మార్చి చెబుతున్నాను.

నోట్లో ఏం పెట్టుకున్నా ముందు పెదవులు కదిపేది. ఒక్క ఖర్జూరప్పండైనా సరే. ఎందుకని అడిగితే, పోయినవాళ్ళ ప్రాణం ఒక్కోసారి పండులోనో చేపలోనో వచ్చి ఆగుతుందట. తినేవాళ్ళు మంచి మాట చెప్పి తింటే అక్కడి నుంచి పైకి వెళుతుందట. ఆ వేళ నేను చేప పొలుసు తీస్తున్నాను.

"అయితే మా ఆయన ఇందులోనే ఉండుంటాడు మామా. ముళ్ళు చూడండి ఎన్నున్నాయో."

"చేపలోకి పుణ్యాత్ములే వస్తారు. మీ ఆయన సంగతి నువ్వు చెప్పావుగా. ఇంకెక్కడైనా వెతుక్కో."

నవ్వి నవ్వి కత్తి పక్కన పెట్టేశాను.

ప్రాణం అంతా ఒక్కసారే రాదని చెప్పేది. పుట్టినప్పుడు అందరికీ దొరికేది ఒంటిని నడిపే ప్రాణం ఒక్కటే. దానిపైన మంచీచెడూ ఎరిగినది, ఆ పైన దేవుడి ఊపిరికి దగ్గరైనది. వాటిని బతికి సంపాదించుకోవాలి. ఒక జన్మ చాలకపోతే మళ్ళీ రావాలి. ఆ తిరుగుడును గిల్గుల్ అనేది. "అది శిక్ష కాదు. మిగిలిన పని. బట్టకు చిరుగు పడితే బట్టను కొడతామా? కూర్చుని కుట్టుకుంటాం."

ఆ మాట విన్నాకే నా కూతురి సంగతి ఆవిడకు చెప్పాను. పాలపళ్ళు పూర్తిగా ఊడకముందే జ్వరంతో పోయింది నా పిల్ల. శవం ఇంట్లో ఉండగానే, పదిమందీ వింటుండగా, నా సొంత చెల్లెలు అంది: "మా అక్క పోయిన జన్మలో ఎవరి బిడ్డను పొట్టన పెట్టుకుందో, ఇప్పుడు అనుభవిస్తోంది." ఎవరూ దాని నోరు మూయలేదు. తల ఊపినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చెల్లెలు ఇప్పుడు ఇక్కడే, రిఫా అనే ఊళ్ళో ఒక విల్లాలో వంటమనిషి. ఇంత చిన్న దీవిలో ఉండి కూడా నేను దాని మొహం చూడలేదు.

పెద్దావిడ మొహం ఎర్రబడింది. "నీ పోయిన జన్మ ఆవిడకెవరు చూపించారు? మనిషి తన చిరుగు తను చూసుకోవడానికి ఉంది ఇదంతా, పక్కవాళ్ళ మీద రాయి విసరడానికి కాదు." మళ్ళీ తనే, "కొన్ని ప్రాణాలకు కొంచెం పనే మిగిలి ఉంటుంది. నీ పిల్ల అది ముగించుకోవడానికి నీ ఒళ్ళోకి వచ్చింది" అంది.

ఆ మాటకు నేను కరిగిపోయానని అనుకోకండి. "దాని పని ముగిసింది సరే, నా పని ముగిసిందా? నన్నెవరైనా అడిగారా?" అన్నాను.

ఆవిడ సర్దిచెప్పలేదు. "పైకి వెళ్ళాక అడుగు. గట్టిగా అడుగు. నేనూ అడగాల్సినవి ఉన్నాయి" అంది. పెద్దవాళ్ళు, పూజలు చేయించేవాళ్ళు చాలామంది నాకు చాలా చెప్పారు. నా కోపాన్ని దేవుడి ముందుకు తీసుకెళ్ళమన్నది ఆవిడ ఒక్కతే.

కానీ చెల్లెలి విషయంలో వదల్లేదు. "వెళ్ళి తేల్చుకో. లేకపోతే మళ్ళీ ఇద్దరూ కలిసే పుట్టాలి."

"మళ్ళీ దానికి అక్కగానా?"

"దేవుడు ఈసారి నిన్ను దానికి తల్లిగా వెయ్యొచ్చు."

ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు నా కోపమంతా ఎందుకో వినండి. ఇంత చెప్పిన మనిషికి ఒక తమ్ముడున్నాడు. వాళ్ళమ్మ మంచాన పడినప్పుడు, నేనుండలేనని దేశం విడిచి వెళ్ళిపోయాడు. తల్లికి చివరిదాకా ఎత్తిపోసింది ఈవిడే. ఆయన పండగ పండగకీ ఫోన్ చేసేవాడు. ఈవిడ ఎత్తేది కాదు. "మామా, చిరుగు" అని నేను గుర్తు చేస్తే, "యల్లా, పో పో, వంట చూసుకో" అనేది. అలాగే పోయింది. పోయాక మా గదిలో ఆడవాళ్ళు ధర్మాత్మురాలు, నేరుగా స్వర్గానికే అన్నారు. ఎక్కడి స్వర్గం? మళ్ళీ రావాలి ఆవిడ. మళ్ళీ వాడికే అక్కగా రావాలి. నాకు దారి చెప్పి తను నడవలేదని, ఆవిడ మీద నాకు ఇప్పటికీ మండుతోంది.

తమ్ముడు వచ్చాడు, పూడ్చిపెట్టాక. చొక్కా కాలర్ దగ్గర చింపుకుని, అద్దాలకు గుడ్డలు కప్పిన ఆ గదిలో పొట్టి పీట మీద కూర్చున్నాడు. ఏడు రోజులు అలా కూర్చోవాలి వాళ్ళు. నేను ఉడికించిన గుడ్లు పెట్టడానికి వెళితే నన్ను ఆపాడు.

"నా గురించి ఎప్పుడైనా అడిగిందా?"

అడిగేదని ఒక మాట అనేస్తే నా సొమ్మేం పోయింది? నోరు రాలేదు. "లేదు బాబుగారూ" అన్నాను. "మీ ఫోన్ వస్తే మాత్రం, మోగి మోగి ఆగేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవారు. నన్ను ఆపనిచ్చేవారు కాదు."

ఆయన గుడ్డు చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. తినలేదు, కింద పెట్టలేదు. ఆ ముసలి చెయ్యి చూశాను. నా చెల్లెలూ ఒకరోజు ఇలా ఎవర్నో అడుగుతుంది, మా అక్క నా గురించి అడిగిందా అని. నా తరఫున లేదని చెప్పడానికి ఎవరో పనిమనిషి ఉంటుంది.

మర్నాడు రిఫా వెళ్ళాను. తలుపు తీసింది అదే. జుట్టంతా తెల్లబడింది.

"ఏటక్కా, ఇలా వచ్చేవు? ఎవరైనా పోయేరా?"

"మా పెద్దావిడ పోయింది. నేను దానికి రాలేదు. నా పిల్ల శవం దగ్గర నువ్వన్న మాట గురించి వచ్చేను."

దాని మొహంలో రంగు పోయింది. మరిచిపోలేదన్నమాట. "ఇప్పుడా అక్కా? డ్యూటీలో ఉన్నాను. మేడమ్ లోపలే ఉంది."

"చేసుకో. నీ డ్యూటీ అయ్యేదాకా కూర్చుంటాను. క్షమించడానికి వచ్చేననుకోకు. తేల్చుకోడానికి వచ్చేను."

గేటు లోపల గోడవారగా నిలబడ్డాను. కాసేపటికి వంటింటి వెనక నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేసి లోపలికి పోయింది. కూర్చున్నాను. ఎండ జరిగి నా మోకాళ్ళ మీదకొచ్చింది. అది బయటికొచ్చింది. నేను లేచాను. కుర్చీని నీడలోకి లాగి, చేతికంటిన పిండి పైటకు తుడుచుకుంటూ మళ్ళీ లోపలికి పోయింది. నీడ జరిగినప్పుడల్లా అది వచ్చేది, నేను లేచేదాన్ని. దాని డ్యూటీ అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.