డెమో క్లాసులో తెలియని మనిషి

ఇప్పటికీ మైత్రీవనం ముందు నుంచి పోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్కడ ఒక కోచింగ్ సెంటర్‌లో రెండు నెలలు స్పోకెన్ ఇంగ్లీష్ నేర్చుకున్నాను. పొద్దున బోరబండలో మా ఇంట్లో జాకెట్లు కుట్టడం, మధ్యాహ్నం క్లాసు. పంజాగుట్టలో ఒక చీరల షోరూంలో కౌంటర్ ఉద్యోగం కోసం ఈ తిప్పలన్నీ. మా సారుకు ఆ షోరూం మేనేజరు బాగా తెలుసు. సారు ఒక్క మాట చెబితే ఇంటర్వ్యూకు పిలుస్తారు.

డైరెక్ట్ ఆబ్జెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ దగ్గర నా బుర్ర మొద్దుబారింది. సారు బోర్డు నిండా బాణాలు గీశాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! రోజులు గడిచాక కుట్టుమిషన్ దగ్గర తెలిసింది. మా అత్త "గా పక్కింటామెకు జాకెట్ ఇచ్చిరా పో" అంది. ఇచ్చేది జాకెట్, అది డైరెక్ట్. పుచ్చుకునేది పక్కింటామె, ఆమె ఇన్‌డైరెక్ట్. ఓస్, ఇంతేనా! దీనికా అన్ని బాణాలు!

మర్నాడు క్లాసులో గడగడా చెప్పేశాను. సారు మెచ్చుకుని పక్కకు పిలిచాడు.

"రేపు కొత్తవాళ్ళకి ఫ్రీ డెమో ఉందమ్మా. మీరూ కొత్తగా వచ్చినట్టు కూర్చోండి. నేనడిగితే ఏమీ తెలీదనండి. పది నిమిషాల్లో నేర్పినట్టు చేస్తాను, అప్పుడు చెప్పేయండి. షోరూంవాళ్ళతో నేను మాట్లాడతాలెండి."

ప్రతి డెమోలోనూ పాతవాళ్ళు ఇలాగే కొత్తవాళ్ళవుతారట. అంత కష్టపడి తెలుసుకుని, తెలియదనాలా? అయినా ఉద్యోగం ఆశతో వెళ్ళి కూర్చున్నాను.

పక్కన ఒక కొత్తామె బెరుకుగా అడిగింది. "అక్కా, మాసొంటోళ్ళకు వస్తదా గీ ఇంగ్లీషు?"

అంతలో సారు నన్ను లేపాడు. "ఏమ్మా, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అంటే ఏంటో తెలుసా?"

"తెల్సు సార్. రెండు నెలల సంది మీ దగ్గర్నే చదువుతున్న గదా! పది నిమిషాల్ల రాలే, మస్తు దినాలు పట్టింది." కొత్తామె వైపు తిరిగాను. "వస్తది చెల్లె. జర టైం పడ్తది."

సారు ముఖం మాడిపోయింది. షోరూం నుంచి నాకు పిలుపు రానేలేదు.

ఆ కొత్తామె మాత్రం ఆ రోజే అక్కడ చేరింది. మెట్ల మీద నా చేయి పట్టుకుని, "నువ్వు నిజం చెప్పినవ్ అక్కా, గందుకే నమ్మిన" అంది.

చూశారా! నా నిజం కూడా ఆయనకే గిరాకీ తెచ్చిపెట్టింది.