జత తీగలు

మార్కాపురంలో నా దుకాణానికి బాగుచేయడానికి వచ్చేవి ఎక్కువగా ఇన్వర్టర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు. గుడ్లు పొదిగే యంత్రంలోని బోర్డు పట్టుకుని ఒకావిడ వచ్చేవరకూ అలాంటిది నేను చూసి ఉండలేదు. అరవై దాటిన మనిషి. కంభం వైపు పల్లె నుంచి బస్సులో వచ్చింది. బోర్డును పాత చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, అది బాగయ్యేదాకా స్టూలు మీద నుంచి కదల్లేదు. వేడికోసం పెట్టిన బల్బులను వెలిగించి ఆర్పే రిలే పోయింది. కొత్తది వేసిచ్చాను.

వెళ్ళబోతూ అడిగింది. "షెడ్డులో ఎంత వేడి ఉందో ఇంట్లోకి తెలిసేటట్టు ఏమన్నా చేస్తావా పాపా?"

ఎందుకన్నాను. రెండేళ్ళ కిందట ఆమె భర్తకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆయన్ని వదిలి కూలికి పోలేక నాటుకోడి పిల్లల పని మొదలుపెట్టింది. యంత్రం పెరటి చివర రేకుల షెడ్డులో ఉంది. మాటిమాటికీ పోయి చూడాలి. ఆయనకు స్నానం చేయించేటప్పుడు పోవడానికి ఉండదు.

"మంచం మీద నుంచి ఆయన చూస్తాడు. మాట బాగానే ఉంది. నన్ను కేకేస్తాడు," అంది.

సరే పెద్దమ్మా అన్నాను. నాకది అరపూట పని అనిపించింది.

వేడినీ తేమనూ కొలిచే చిన్న సెన్సర్లు రెండు తీగల మీద మాట్లాడతాయి. ఒక తీగ అంకెలను మోస్తుంది, రెండోది ఏ అంకె ఎప్పుడు చదవాలో లెక్క తప్పకుండా చెబుతూ ఉంటుంది. ఆ ఏర్పాటును మా పనిలో బస్ అంటారు. ఒకే పెట్టెలో, జానెడు దూరంలో ఉన్న భాగాలు మాట్లాడుకోవడానికి పుట్టిన పద్ధతి అది. దుకాణంలో బల్ల మీద చక్కగా పనిచేసింది. రెండు వారాల తర్వాత వాళ్ళింటికి పోయి, షెడ్డు నుంచి మంచం దాకా ముప్పై మీటర్ల తీగ లాగి, స్విచ్చి వేస్తే డిస్‌ప్లే మీద మైనస్ నలభై అయిదు అని వచ్చింది. సెన్సర్ మాట అందనప్పుడు పడే అంకె అది.

మంచం మీద పెద్దాయన ఆ అంకెను చాలాసేపు చూశాడు. "ఏంది పాపా, మా షెడ్డులో మంచు గాని పడతా ఉందా?"

తీగలు లేకుండా పంపే పరికరం కూడా తీసుకెళ్ళాను. రేకుల్లోంచి దాని సిగ్నల్ సరిగా అందలేదు. అప్పుడు ఆయన చెప్పాడు, తాను టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేశానని. యర్రగొండపాలెం దాటి అడవి అంచు పల్లెల దాకా స్తంభాలు పాతి తీగ లాగినవాళ్ళలో ఆయనొకడు. ఇప్పుడు ఆ స్తంభాలూ లేవు, ఆ తీగా లేదు.

"తీగను అట్ల పక్కపక్కన పరిస్తే మాట అవతలికి పోదు. రెండూ కలిపి మెలెయ్యాల. మెలేస్తే బయటి గోల అంటదు," అన్నాడు.

నేను డిప్లొమా చదివిన మనిషిని. ఆయన చెప్పింది నిజమేనని తెలుసు. మెలేసిన తీగ గురించి నేనూ పరీక్షలో రాశాను.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని నాలుగు తీగలను రెండు జతలుగా మెలేశాం. అంకెల తీగకూ లెక్క తీగకూ ఒక జత, కరెంటు తీగలు రెండింటికీ ఒక జత. ఆయన కుడిచేత్తో ఒక కొస పట్టుకున్నాడు. పెద్దమ్మ వాకిలి అవతల రెండో కొసను పుల్లకు కట్టి తిప్పింది. "బిగువు, బిగువు. అంగుళానికి ఒక చుట్టు రావాల," అని ఆయన అరుస్తుంటే, "నేనేమన్నా నీ డిపార్ట్‌మెంటోళ్ళ మనిషినా?" అని ఆమె నవ్వింది. ఆయన్ని అంత హుషారుగా చూసి చాన్నాళ్ళయిందని నాతో తర్వాత అంది.

బిగించి స్విచ్చి వేస్తే ముప్పై ఏడున్నర చూపింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ మైనస్ నలభై అయిదు. మళ్ళీ ముప్పై ఏడు. మెలెయ్యడంలోనే ఏదో తప్పుందని నాకు అనుమానం వచ్చింది. కానీ బస్సుకు వేళయింది. "రెండు రోజులు చూడండి పెదనాయనా, వచ్చి సరిచేస్తాను," అని వచ్చేశాను. ఆ డిస్‌ప్లే ఊడబెరికి రావాల్సింది.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళింది. పక్కింటావిడను ఆయన దగ్గర కూర్చోబెట్టింది. గోడ మీద అంకె కనబడుతోంది కదా అని ఆ వేళ ధైర్యంగా ప్రార్థన అయ్యేదాకా ఉంది. షెడ్డులో నేను వేసిన కొత్త రిలే అతుక్కుపోయింది. బల్బులు ఆరలేదు. గోడ మీద మైనస్ నలభై అయిదు వచ్చినప్పుడు, అది ఎప్పుడూ చెప్పే అబద్ధమే అనుకుని ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె వచ్చి మూత తీసేసరికి లోపల నలభై మూడు డిగ్రీలు. పదహారు రోజుల గుడ్లు, నూట ఇరవై.

ఫోన్‌లో ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అన్నీ పోయినట్టుండాయి పాపా. వీలున్నప్పుడు ఒకసారి రా."

మర్నాడే వెళ్ళాను. పెరట్లో గుంట తవ్వి గుడ్లు పూడుస్తోంది. చేతిలో ఉన్న గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని, కొంచెం ఆగి, గుంటలో వేసింది. నేనూ పార పట్టుకున్నాను. రిలే నాదేనని చెప్పాను. "మిషన్ అన్నాక పోతాది," అంది. ఆ మాటకంటే నాలుగు తిడితే బాగుండేది.

పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే అటు తిరిగే అన్నాడు. "మెలెయ్యమన్నది నేను. అంతా నాకు తెలుసని చెప్పినా."

డిస్‌ప్లే ఊడదీసుకుని వచ్చేశాను.

దుకాణంలో రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ఆ బస్ గురించి తయారీదారులు ఇచ్చే కాగితాలు మొదటి నుంచి చదివాను. మేం చేసిన తప్పు వాటిలో ఒక్క వాక్యంలో ఉంది. అంకెల తీగనూ లెక్క తీగనూ ఒకదానితో ఒకటి మెలెయ్యకూడదు. ఒకదాని చప్పుడు రెండోదానికి అంటుకుంటుంది. దూరం పోవాలంటే వంతెన లాంటి చిన్న చిప్పు ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన పెట్టాలి. అది ఒక్కో తీగ మాటను రెండు తీగల మీదికి, ఒకదానిపై సూటిగా, రెండోదానిపై తలకిందులుగా పంపుతుంది. అవతలి చిప్పు ఆ రెండింటి తేడానే చదువుతుంది. దారిలో ఏ గోల తగిలినా రెండింటికీ ఒకేలా తగులుతుంది కాబట్టి తేడా చెడదు.

ఆ బోర్డులు రెండు బెంగళూరు నుంచి తెప్పించాను. వచ్చిన రోజే బస్సెక్కాను.

ఆయన మంచం పక్కన కూర్చుని, రెండు తీగల మధ్య క్రాస్‌టాక్ వచ్చింది, అదీ సంగతి అని మొదలుపెట్టాను.

"క్రాస్‌టాక్ గురించి నాకు చెప్తావా?" అని ఇటు తిరిగాడు. "ఒకరి ఫోన్ ఇంకొకరికి వినిపించేది. ఎందుకొస్తాదో తెలుసా? ఈ జతలో ఒక తీగ, ఆ జతలో ఒక తీగ తీసి కలిపితే వస్తాది. జత చీల్చడం అంటాం." అంటూనే ఆగిపోయాడు. "మనం మెలేసిన రెండూ..."

"వేరువేరు మాటలు, పెదనాయనా. అవి జతే కాదు. దేనికీ దాని జత తీగ లేదు. నేను గమనించి చెప్పాల్సింది."

ఆయన చెయ్యి చాపి బోర్డు ఇమ్మన్నాడు. బొటనవేలంత ఉన్న దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. "అయితే ఇది ఒక్కో తీగకు జత పుట్టిస్తాది."

అంతేనన్నాను.

గోడ మీది తీగలను తీయాల్సిన పని పడలేదు. మేం మెలేసిన రెండు జతలూ అలాగే ఉన్నాయి. ఒక జతను అంకెలకు, రెండోదాన్ని లెక్కకు ఇచ్చాను. సెన్సర్‌కు కరెంటు షెడ్డులోనే చిన్న ఛార్జర్‌తో ఇచ్చి, రెండు వైపులకీ ఉమ్మడిగా ఒక తీగ అదనంగా లాగాను. రిలే అతుక్కుపోయినా బల్బులు ఆరిపోయేలా యంత్రానికి విడిగా ఇంకో కట్ఆఫ్ పెట్టాను. స్విచ్చి వేస్తే ముప్పై ఏడు పాయింట్ ఆరు. పెద్దమ్మ షెడ్డుకు పోయి థర్మామీటర్ చూసి అక్కడి నుంచే అరిచింది. "ముప్పై ఏడు, ఆరే!"

ఈసారి నేను బస్సు చూసుకోలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆయన పక్కింటి మోటారు వేయించాడు, మిక్సీ తిప్పించాడు, షెడ్డులో ట్యూబులైటు పదిసార్లు వేసి ఆర్పమన్నాడు. అంకె చెదరలేదు. మూడు రోజులు ఇట్లనే ఉంటేనే గుడ్లు పెట్టమని భార్యకు చెప్పాడు. ఆమె వారం ఆగింది.

ఆ విడతలో నూరు గుడ్లు పెడితే ఎనభై ఒకటి పిల్లలయ్యాయి. ఇరవై ఒకటో రోజు పొద్దున ఫోన్ చేసి మాట్లాడకుండా ఫోన్ను పెట్టె దగ్గర పట్టుకుంది. కీచుకీచుమని వినిపించింది. మధ్యలో దూరం నుంచి పెద్దాయన కేక. "తేమ తగ్గతా ఉంది, నీళ్ళ గిన్నె చూడు!"

చలికాలంలో ఆమె రెండో యంత్రం తీసుకుంది. దాని సెన్సర్‌ను కూడా అదే తీగల మీదికి ఎక్కించడానికి వెళ్ళాను. ఒకే బస్ మీద రెండు సెన్సర్లు ఉండాలంటే వాటి చిరునామాలు వేరుగా ఉండాలని చెబితే, "పార్టీ లైన్ మాదిరి," అన్నాడు ఆయన. ఒకే తీగ మీద నాలుగు ఊళ్ళ ఫోన్లు నడిచిన రోజుల గురించి, నేను పని చేస్తున్నంతసేపూ చెబుతూనే ఉన్నాడు. పెద్దమ్మ ఆ వేళ ఇంట్లో లేదు. గిద్దలూరులో చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళింది. ఆయనకు పక్షవాతం వచ్చాక ఊరు దాటి ఒక రాత్రి ఉండటం అదే మొదటిసారని పక్కింటావిడ చెప్పింది.