జిప్పు తీయని డోలక్

లాజరస్ అన్నయ్యకి ఉన్నంత మొహమాటం నేను ఇంకే మనిషిలోనూ చూడలేదు. ఒకసారి డబ్లిన్ నుంచి బస్సులో వస్తున్నాడు. కిటికీ పక్క సీటు. ఇవతల సీట్లో ఒక పెద్దాయన నిద్రపోతున్నాడు. మా ఊరు కిల్కెన్నీ వచ్చింది, బస్సు ఆగింది, దిగాల్సిన వాళ్ళంతా దిగారు. ఈయన మాత్రం ఆ పెద్దాయన్ని లేపడానికి మనసొప్పక అలాగే కూర్చుని వాటర్‌ఫర్డ్ దాకా వెళ్ళాడు. అక్కడ బస్సు దిగాక ఆ పెద్దాయన సామాను కూడా మోసి పెట్టాడట. మళ్ళీ ఇంకో బస్సు పట్టుకుని ఇంటికొచ్చాడు. విన్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మంచితనానికైనా ఒక హద్దుండాలి.

మేమూ వాళ్ళూ ఐర్లండ్‌లోని ఈ కిల్కెన్నీలో ఒకే వీధిలో ఉంటాం, చుట్టరికం లేదు గానీ పిలుపులు అన్నయ్యా వదినా అనే. ఆయన భార్య లీలారాణి వదినా నేనూ నర్సులం. డ్యూటీలు కలిస్తే ఒకే కారులో వెళ్తాం. అన్నయ్య ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని చూసుకునే కేరర్‌గా చేస్తున్నాడు. వాళ్ళకి జాయ్ అని ఒక్కతే కూతురు. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల.

రేపల్లె దగ్గర వాళ్ళ ఊళ్ళో అన్నయ్యని ఉత్త లాజరస్ అనేవాళ్ళు లేరు, అందరూ డోలక్ లాజరస్ అనేవారు. చిన్నప్పుడే చర్చిలో డోలక్ ముందు కూర్చోబెట్టారట, ఇక లేవలేదు. ఉజ్జీవ సభలంటే ఆయన, పెళ్ళిళ్ళంటే ఆయన. క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాడే రౌండ్లలో డోలక్ మెడలో వేసుకుని తెల్లవార్లూ నడిచేవాడు. వదిన ఆయన్ని మొదట చూసింది అలాంటి రౌండ్లలోనే. "మొకం చూళ్ళా జెస్సికా, చేతులే చూశా" అంటుంది, ఇప్పటికీ సిగ్గుపడుతూ.

వదినకి ఇక్కడ ఉద్యోగం వచ్చి కుటుంబం తరలి వచ్చింది. డోలక్ కూడా వచ్చింది, విమానంలో, రెండు దుప్పట్ల మధ్య. కానీ వాయించేదెక్కడ? అద్దె ఇల్లు, పక్కింటికీ దీనికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడ అవతల పసిబిడ్డ. తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకి తీసుకెళ్తే అక్కడ రాబర్ట్ గారి కీబోర్డు ఉంది, అందులో ఒక మీట నొక్కితే డోలక్, తబలా అన్నీ అదే మోగిస్తుంది. "అన్నా, మీకెందుకు శ్రమ, ఇందులో ఉందిగా" అన్నారు రాబర్ట్ గారు. "అవునవును, అదే బాగుంటది" అన్నాడు ఈయన. అని, వెనక కుర్చీలో కూర్చున్నాడు. అంతే, ఏళ్ళు గడిచిపోయాయి.

మొదట్లో కారు స్టీరింగ్ మీదా అన్నం తినే బల్ల మీదా వేళ్ళు ఆడించేవాడట. తర్వాత అదీ మానేశాడు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ వదిన నాతో, "ఆయన చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు భయమేస్తంది. నేను తీసుకొచ్చి పాడుచేశానేమో" అంది. ఆమె అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడే అనుకున్నాను, ఈయన చేత ఎలాగైనా మళ్ళీ వాయింపించాలని.

మా పేటలో నది ఒడ్డున ఒక పాత పిండిమిల్లు ఉంది. మిల్లు మూతపడ్డాక చుట్టుపక్కల వాళ్ళే చేతులు కలిపి దాన్ని బాగుచేసుకుని కళల కేంద్రంగా నడుపుకుంటున్నారు. బొమ్మలు వేసేవాళ్ళు, నాటకాలాడేవాళ్ళు, యోగా చేసేవాళ్ళు, అందరూ అక్కడే. గురువారం సాయంత్రం పై అంతస్తులో పిల్లలకి ఐరిష్ డ్యాన్స్ క్లాసు. జాయ్ అందులో నేర్చుకుంటోంది. అదే సమయంలో కింద హాల్లో సెషన్ జరుగుతుంది. సెషన్ అంటే కచేరీ కాదు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఫిడేలు, ఫ్లూటు, అకార్డియన్, ఎవరి దగ్గర ఏది ఉంటే అది పట్టుకొచ్చి కలిసి వాయించుకుంటారు. వినేవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. ఆ గుంపుకి పెద్దదిక్కు బ్రీడా. రిటైరైన పోస్టుమాస్టరు, అకార్డియన్ వాయిస్తుంది, నోరు కూడా బాగానే వాయిస్తుంది.

"జాయ్ కోసం కారులో ఊరికే కూర్చునే బదులు డోలక్ తీసుకుని కింద హాల్లో కూర్చోవచ్చుగా అన్నయ్యా" అని నేనే పోరాను. తీసుకెళ్ళాడు. మొదటిరోజే బ్రీడా ఆ పొడుగు సంచి చూసింది.

"అందులో ఏముంది? మాతో కలిసి వాయిస్తావా?" అని అడిగింది.

"అయ్యో, వద్దండీ, మీరు కానివ్వండి" అన్నాడు అన్నయ్య.

"సరే, నీ ఇష్టం" అని ఆమె నవ్వి, అకార్డియన్ ఎత్తుకుంది.

పక్కన కూర్చున్న నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎవరైనా అడగ్గానే సరేనంటే మనవాళ్ళలో ఆబగా ఉంటుంది. ఒకసారి వద్దనాలి, వాళ్ళు మళ్ళీ అడగాలి, ఇంకోసారి నసగాలి, వాళ్ళు చెయ్యి పట్టుకు లాగాలి, అప్పుడు లేవాలి. ఆ లెక్క ఈయనకి తెలుసు. బ్రీడాకి తెలియదని నేననుకున్నాను.

తర్వాతి గురువారం బ్రీడా అడగలేదు. ఆ పై గురువారమూ అడగలేదు. పలకరించేది, టీ ఇచ్చేది, సంచి ఊసెత్తేది కాదు. ఈయన మాత్రం వారం వారం ఆ సంచి మోసుకొచ్చి, కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా కూర్చునేవాడు. జిప్పు తీసిన పాపాన పోలేదు.

"అన్నయ్యా, ఈ దేశంలో వద్దంటే వద్దనే. నువ్వే వెళ్ళి అడుగు" అన్నాను.

"అట్టా ఎట్టా అడుగుతామమ్మా? వాళ్ళ సభ. పిలవకుండా మజ్జలో దూరితే ఏం బాగుంటది?"

చలికాలం పోయి వసంతం వచ్చింది. ఒకరోజు డ్యాన్సు క్లాసు నుంచి దిగొచ్చిన జాయ్‌ని ఒక నేస్తం, మీ నాన్న ఏం వాయిస్తాడు అని అడిగింది. "హీ డజంట్ ప్లే ఇట్. హీ జస్ట్ క్యారీస్ ఇట్" అంది జాయ్. పిల్ల మాటలో వెటకారం లేదు, చూసినదే చెప్పింది. అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను మొహం తిప్పుకున్నాను.

మే నెలలో ఒక గురువారం నా కారులోనే మిల్లుకి వెళ్తున్నాం. జాయ్ అప్పటికే నేస్తంతో వెళ్ళిపోయింది. వదిన డ్యూటీ అయ్యాక నేరుగా అక్కడికే వస్తానంది. వెనక సీట్లో డోలక్, నా ఒళ్ళో గారెల డబ్బా, స్టీరింగ్ దగ్గర అన్నయ్య. ఉన్నట్టుండి అన్నాడు:

"ఈయాల ఇది బ్రీడాకి ఇచ్చేస్తన్నా జెస్సికా. పైన పిల్లల వాయిద్యాలు పెట్టే బీరువా ఉంది గదా, దాంట్లో పెట్టుకుంటారు. ఎవరన్నా నేర్చుకుంటారు."

నాకు మాట రాలేదు. వచ్చాక మాత్రం చాలా వచ్చాయి. వదినకి చెప్పావా అన్నాను. చెప్పలేదన్నాడు. ఆమె గుండె ఏమవుతుందో తెలుసా అన్నాను. మిల్లు చేరేదాకా తిడుతూనే ఉన్నాను, ఆయన జాగ్రత్తగా బండి నడుపుతూనే ఉన్నాడు.

టీ విరామంలో గారెల డబ్బా తీసి బ్రీడా ముందు పెట్టాను. "అబ్బే, నాకొద్దు, కడుపు నిండుగా ఉంది" అంది. ఒక్కటి తినమన్నాను. "నిజంగా వద్దమ్మా, మీకు తక్కువవుతాయి" అంది. నా చేత్తో చేశానని చెప్పి ప్లేటు చేతిలో పెట్టాను. అప్పుడు తీసుకుంది. ఒకటి కాదు, అల్లం పచ్చడితో వరసగా నాలుగు లాగించింది.

మూతి తుడుచుకుంటూ, "నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆకలితో చచ్చేదాన్ని. మొదటిసారి అడగ్గానే తీసుకుంటే మా అమ్మ వీపు పగలగొట్టేది" అంది.

నేను ప్లేటు కింద పెట్టాను. కోపం నషాళానికి అంటింది.

"ఇంత తెలిసినదానివి, మా అన్నయ్యని ఒక్కసారి అడిగి ఊరుకున్నావేం? ఆయనకీ అమ్మ ఉంది, ఆవిడా అలాగే పెంచింది!"

బ్రీడా నోరు తెరుచుకుని నా వైపే చూసింది. తర్వాత సంచి పట్టుకుని మూల కూర్చున్న అన్నయ్య వైపు చూసింది. ఆమె మొహం ఎర్రబడింది.

"దేవుడా! మేం మాత్రమే ఇలా ఉంటామనుకున్నాం. బయటి దేశాల వాళ్ళని బలవంతపెట్టకూడదు, వాళ్ళు వద్దంటే గౌరవించాలి అని అందరికీ నేనే చెప్పి పెట్టాను. ఆయన్ని అడగబోయిన వాళ్ళని కూడా ఆపాను!"

అంటే అన్ని నెలలూ అటు వాళ్ళు మర్యాద పాటిస్తున్నారు, ఇటు ఈయన మర్యాద పాటిస్తున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బ్రీడా నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. "లాజరస్, మాతో వాయించు" అంది.

"లేదండీ, ఇది మీకు ఇచ్చేద్దామని..." అని సంచి ముందుకి జరిపాడు.

ఆమె అందుకోలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "నువ్వు వాయిస్తే వినాలని ఉంది. నిజంగా అడుగుతున్నాను" అంది.

నా లెక్క ప్రకారం ఇక ఆయన లేవాలి. లేవలేదు. తలెత్తి నన్ను చూశాడు. ఆ కళ్ళలో మొహమాటం లేదు. భయం ఉంది.

"చెయ్యి పోయిందమ్మా" అన్నాడు తెలుగులో, మెల్లగా. "ఆ మజ్జ ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చూశా. పలకలా. చిన్నప్పట్నుంచీ నాకు తెలిసింది అదొక్కటే, అదీ పోయింది. వీళ్ళందరి ముందర వాయించి, పోయిందని రూఢి చేసుకోమంటావా?"

నా కోపం ఎటు పోయిందో పోయింది. మొదటిరోజు వద్దన్నది మర్యాదకే అయ్యుండొచ్చు. ఆ తర్వాత, ఎవరూ అడగకపోవడమే ఆయనకి మేలనిపించి ఉంటుంది. నేను బ్రీడాకి ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. దాచడానికి మనసొప్పలేదు.

బ్రీడా అయ్యో పాపం అనలేదు. "మేం ఏ పాటైనా మూడుసార్లు తిప్పి వాయిస్తాం. మొదటిసారి ఎవరూ ఎవరినీ వినరు, రెండోసారి తమను తాము వింటారు. తప్పులన్నీ ఆ రెండింట్లో చేసుకో" అంది.

అన్నయ్య సంచిని మళ్ళీ తన దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత జిప్పు తీశాడు.

ఇక్కడి చెమ్మకి తోలు మెత్తబడిపోయి ఉంది. తాళ్ళ మధ్యనున్న ఇత్తడి రింగులు ఒక్కొక్కటీ లాగి బిగించాడు, వేలితో తట్టి విన్నాడు, మళ్ళీ లాగాడు. అంతసేపూ గుండ్రంగా కూర్చున్న వాళ్ళెవరూ తొందరపడలేదు. వాళ్ళకి ఫిడేలు శ్రుతి చేసుకోవడం రోజూ ఉన్నదే. బ్రీడా ఒక జిగ్ ఎత్తుకుంది, పిల్లలు గంతులేసే చురుకైన పాట. మిగతావాళ్ళు అందుకున్నారు.

మొదటి తిప్పులో అన్నయ్య దెబ్బలు ఒకటి ముందూ ఒకటి వెనకా పడ్డాయి. ఎడమచెయ్యి అసలు వినపడలేదు. నేను చున్నీ కొస నలిపేశాను. దేవుడా, ఈయనకి ఈ ఒక్కటి ఇవ్వు, ఇంకేమీ అడగను అనుకున్నాను. రెండో తిప్పులో ఆయన కళ్ళు మూసుకున్నాడు. వాయించడం దాదాపు ఆపేశాడు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. లెక్క పెట్టుకుంటున్నాడు. అప్పుడు నాకూ తెలిసింది. అది ఆరు దెబ్బల నడక. క్రిస్మస్ రౌండ్లలో వీధి మలుపు తిరగ్గానే ఎత్తుకునే పాటల నడక అదే.

మూడో తిప్పు మొదలయ్యేసరికి ఎడమచెయ్యి గుమ్మని పలికింది.

ఆ తర్వాత జరిగింది నేను సరిగా చెప్పలేను. ఫిడేలాయన తలెత్తి చూసి నవ్వాడు. పాట మూడుతో ఆగలేదు, నాలుగూ ఐదూ తిరిగింది. పైన పిల్లల అడుగుల చప్పుడు ఆగిపోయింది, మెట్ల మీద వాళ్ళంతా బారులు తీరారు. జాయ్ కమ్మీ పట్టుకుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. అన్నయ్య ఎవరినీ చూడటం లేదు. బస్సులో పక్కవాడిని లేపలేని ఆ మనిషి, హాలంతటినీ ముందుకు తోసుకుపోతున్నాడు.

గుమ్మం దగ్గర వదిన కనిపించింది. యూనిఫాం మీద కోటు, చేతిలో బ్యాగు. లోపలికి రాలేదు. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది.

"బయట కారు ఆపంగానే వినపడింది" అంది. "ఇంకెవరో అనుకోలా. ఆయనే అని తెలిసిపోయింది. హమ్మయ్య, జెస్సికా. నేనేం పాడుచెయ్యలా."

జాయ్ మెట్లు దిగి వచ్చి వాళ్ళ నాన్న కుర్చీ వెనక నిలబడి, ఎవరూ అడక్కపోయినా, "దట్స్ మై డాడ్" అని పక్కవాళ్ళకి చెప్పింది.

బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. డోలక్ బీరువాలోకి వెళ్ళలేదు, వెనక సీట్లోకి వెళ్ళింది. కారు పక్కన వదిన ఆయన అరచేతులు తిప్పి చూసింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి, ఒక వేలి దగ్గర చర్మం కూడా లేచింది. బ్యాగులోంచి ఆయింట్‌మెంట్ తీసింది.

"మండతందా?" అని అడిగింది.

"బాగా మండతంది" అన్నాడు అన్నయ్య. చెయ్యి వెనక్కి లాక్కుని, గుప్పిట మూసుకున్నాడు. "రాయొద్దు రాణీ. కాసేపు ఉండనియ్యి."