పిటిషన్ కొట్టేసిన మర్నాడు

తీర్పు రోజున మా తోడల్లుడి కోటు ఎడమ చెయ్యి కోర్టులో ఊడింది. ఆయన దర్జీ. సొంతానికి కోటు లేక, ఎవరికోసమో కుడుతున్నదాన్ని టాకాల మీదే తొడుక్కొచ్చాడు. పేరు పిలవగానే చెయ్యెత్తాడు. దించేసరికి కోటు చెయ్యి జారి బల్ల కింద పడింది. జడ్జిగారు అది పూర్తిగా పడేదాకా ఆగి, చదవడం మొదలుపెట్టారు.

ఆయన పుట్టింది వేరే దేశంలో. ఇక్కడ ఉండటానికిచ్చిన గడువు దాటిందని ఆయన్ని ఏడు నెలలు విదేశీయుల నిర్బంధ కేంద్రంలో ఉంచారు. ఇన్నాళ్ళు ఉంచడం అన్యాయం, వదలమనండి అని లాయరమ్మ పిటిషన్ వేసింది. అది విచారణకొచ్చేలోపే, పది రోజుల క్రితం, వాళ్ళే వదిలేశారు. ఎందుకో చెప్పలేదు.

జడ్జిగారు కాగితాలన్నీ తిరగేసి ఏవేవో చదివారు. మాకు అర్థమైంది చివరి ముక్క ఒక్కటే: పిటిషన్ కొట్టేశాం. లాయరమ్మకి పక్క గదిలో ఇంకో కేసు. "కంగారు పడకండి, తర్వాత మాట్లాడతా" అంటూ పరుగెత్తింది. అలా అన్నాక పడకుండా ఎలా ఉంటాం? సాయంత్రమంతా ఫోన్ ఎత్తలేదు.

"వదలమని అడిగాం, కొట్టేశారు. అంటే వదలరనేగా?" అన్నాడు తోడల్లుడు.

"వదిలేశారుగా! ఎదురుగా కూర్చుని ఇదేం మాటండీ?" అంది మా మరదలు.

"అది కోర్టు చెప్పకముందు."

ఇద్దరూ నావైపు చూశారు. ఆ ఇంట్లో కళ్ళజోడున్నది నాకొక్కడికే. "ఆలోచిస్తే ఆయనన్నదే సబబుగా ఉంది" అన్నాను. మరదలు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

"వీధిలో అందరూ చూస్తుండగా పట్టుకెళ్ళేకంటే మనమే పోదాం అన్నయ్యా" అన్నాడు మర్నాడు పొద్దున్నే. దుప్పటి, సబ్బు, రెండు చొక్కాలు సంచిలో పెట్టుకున్నాడు. నా స్కూటర్ మీద నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు జాబితా రెండుసార్లు చూశాడు.

"నీ పేరు లేదు."

"సరిగ్గా చూడండి సార్. కిటికీ పక్క మంచం నాదే."

"దానిమీద వేరే ఆయనున్నాడు. ఆర్డరు లేకుండా ఎవర్నీ లోపలికి తీసుకోం."

"అయితే నేను పోవచ్చా?"

"నాకేం తెలుసు? నువ్వు ఇక్కడివాడివి కాదుగా!"

అప్పటికి లాయరమ్మ ఫోన్ కలిసింది. "బయటున్న మనిషిని వదలమని కోర్టు ఎలా చెబుతుందండీ? అందుకే కొట్టేశారు. ఇంతకీ ఎక్కడున్నారు?" చెప్పాను.

తోడల్లుడు ఫోన్ లాక్కున్నాడు. "గెలిచామా, ఓడామా అమ్మా?"

"ఓడాం. కానీ మీరు బయటున్నారు."

"మళ్ళీ పట్టుకుంటే?"

"మళ్ళీ పిటిషన్ వేద్దాం."

ఒకే నడుము రెండుసార్లు కొలిస్తే రెండు రకాలుగా వచ్చినప్పుడు పెట్టే మొహం పెట్టాడు. నాకు పనికి టైమైంది. "నువ్వు పద, నేను బస్సులో వస్తా" అన్నాడు.

ఆయన ఇంటికొచ్చేసరికి నాలుగైందట. మరదలు గుమ్మంలోనే అందుకుంది.

"లాయరమ్మ పదింటికే చెప్పిందటగా! నేనిక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే, ఇంతసేపు ఆ గేటు దగ్గర ఏం చేశారండీ?"

"లోపలి ఆఫీసర్లెవరైనా 'ఇక ఇంటికి పో' అంటారేమోనని చూశానే."