పిన్నిని దాటిపోయిన ట్రే

ద్రాక్షరసం వాసనకి నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు, వేరే మతం అబ్బాయిని పెళ్లాడిందని గాజువాకలోని మా చర్చిలో పిన్నికి ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం, ఆపేశారు. ఆదివారం ద్రాక్షరసం గ్లాసుల ట్రే చివరి బెంచీలో ఆమెను దాటిపోయేది. అక్కడికొచ్చేసరికి రసం అయిపోతోందనుకుని, ఒకసారి నేనే ముందు వరుసలోంచి చిన్న గ్లాసు పట్టుకెళ్లాను.

"వద్దమ్మా, నాను తాగకూడదు," అంది పిన్ని, తల దించుకుని.

సండేస్కూల్ టీచరు గ్లాసు లాక్కుంది. "సూడండి పిల్లలూ! ఈవిడ సేసిన తప్పు సూసి నేర్సుకోండి."

ఇప్పుడు ఆ సంఘంలో నేనూ ఒక పెద్దని. మొన్న ట్రే నా చేతిలోనే ఉంది. చివరి బెంచీలో, ఈమధ్యే బల్ల ఆపేసిన అమ్మాయి. దాటిపొమ్మని పాస్టరుగారు సైగ చేశారు.

గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టాను.

నేర్చుకున్నాను టీచరుగారూ, మీ తప్పు చూసి.