లైన్ ఆఫ్ అన్న మాట

వనజ మొదటిసారి కరెంటు స్తంభం ఎక్కింది నరసరావుపేటలో, ఉద్యోగ పరీక్ష రోజున. మైదానంలో వరసగా పాతిన సిమెంటు స్తంభాలు, చుట్టూ గుంపుగా మగపిల్లలు, ఒక పక్కన చున్నీలు నడుముకు బిగించుకుని నిలబడ్డ ఆడపిల్లలు. ఆమె వంతు వచ్చేసరికి వెనక ఎవడో ఈల వేశాడు. వనజ పట్టించుకోలేదు. అమ్మ నాగులమ్మ క్వారీలో రాయి మోస్తుంటే ఆ గట్లు ఎక్కి దిగుతూ పెరిగిన పిల్ల ఆమె. ఎత్తు కొత్త కాదు. పైదాకా వెళ్లి, ఇనప పట్టీని చేత్తో తాకి, ఎక్కడా జారకుండా దిగింది. ఈల వేసినవాడు సగంలోనే ఆగిపోయాడని తర్వాత తెలిసింది.

గురజాల అవతల ఒక ఊళ్లో ఆమెకు లైన్‌మన్ పని దొరికింది. మొదట్లో రైతులు ఫోన్ చేసి, ఆడగొంతు వినగానే "మీ ఆయనకి ఇవ్వమ్మా" అనేవాళ్లు. ఆమె భర్త నరేంద్ర టిప్పర్ డ్రైవరు. క్వారీ నుంచి రాయి తోలతాడు, కరెంటు సంగతి అతనికేమీ తెలియదు. కొన్నాళ్లకు ఊరికి అలవాటైంది. మోటారు ఆగినా, ఫ్యూజు పోయినా "కరెంటు వనజకి చెప్పు" అనడం మొదలుపెట్టారు. ఆ పేరు ఆమెకు ఇష్టంగానే ఉండేది.

ఒక మే నెలలో గాలివాన వచ్చి ఊరి చివర తీగలు తెగాయి. వనజతో పాటు లైన్ ఇన్‌స్పెక్టర్ కృష్ణయ్య వచ్చాడు. ఈ పనిలోనే తల నెరిసిన మనిషి. మోకాళ్లు అరిగి స్తంభం ఎక్కడం మానేసి చాలా కాలమైంది. కింద నిలబడి చెప్పడమే ఆయన పని. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ దించి, "లైన్ ఆఫ్ అమ్మా, ఎక్కు" అని కేకేశాడు. తీగలో మిగిలిన కరెంటును నేలలోకి పంపే డిశ్చార్జి రాడ్డు ఒకటి ఉంటుంది. ఎక్కేముందు దాన్ని తీగకు తగిలించాలి. ఆ పూట అది ఇంకో ఊళ్లో పనిలో ఉంది. లైన్ ఆపాం కదా అనుకున్నారిద్దరూ. వనజ ఎక్కింది.

రోడ్డు అవతల కల్యాణమండపంలో పెళ్లి. కరెంటు లేదని వాళ్లు జనరేటరు వేశారు. జనరేటరు కరెంటు బయటి తీగల్లోకి రాకుండా ఆపే స్విచ్ వాళ్లు పెట్టుకోలేదు. ఆ సంగతి వనజకూ తెలియదు, కృష్ణయ్యకూ తెలియదు. స్తంభం మీద ఇటునుంచి అటు తిరగడానికి, పడకుండా కట్టుకున్న బెల్టు విప్పిన క్షణంలో ఆమె చెయ్యి తీగకు తగిలింది.

కింద పత్తి కట్టె కుప్ప ఉండబట్టి బతికింది. భుజం ఎముక, మణికట్టు విరిగాయి. ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి నాగులమ్మ కూతురి పాదాలు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంక ఆ స్తంభాల జోలికి పోమాక అమ్మాయ్. రాయి మీద పడి మీ నాన్నకి కాలు పోయింది. ఇంటికి ఆ ఒక్కటి చాలు" అంది.

నరేంద్ర వద్దనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అంతకుముందు అతని టిప్పర్ కూడా ఒకసారి దాచేపల్లి దగ్గర బోల్తా కొట్టింది. "నాకూ భయమేసింది. మళ్లీ బండెక్కి నాలుగు ట్రిప్పులు తోలాక తగ్గింది. నీకూ అట్టానే తగ్గిద్ది" అన్నాడు. వనజ ఆ మాటనే పట్టుకుంది. ఎముకలు అతికితే చాలు, తక్కినదంతా దానంతటదే సర్దుకుంటుందనుకుంది.

సర్దుకోలేదు. తిరిగి పనిలో చేరిన రోజున మిరప చేలో ఒక స్తంభం దగ్గరికి తీసుకెళ్లారు. కృష్ణయ్య స్విచ్ దించి వచ్చి ఎప్పటిలాగే లైన్ ఆఫ్ అన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఆమెకు నోరు ఎండిపోయింది. నిచ్చెన మెట్లు కొన్ని ఎక్కింది. ఆ పైన కాలు లేవలేదు. విరిగి అతికిన చెయ్యి దానంతటదే నిచ్చెనను కావలించుకుంది. కింద రైతు ఎదురు చూస్తున్నాడు. కృష్ణయ్య ఆమె దిగాక పక్క ఊరి కుర్ర లైన్‌మన్‌కు ఫోన్ చేసి పిలిపించాడు.

మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. అప్పుడు సెక్షన్ చూసే ఇంజనీరు ఏఈ గారు ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టారు. వచ్చిన ఫిర్యాదులు కంప్యూటర్‌లో ఎక్కించడం, మీటరు రీడింగులు సరిచూడడం. "కొన్నాళ్లు ఇక్కడ ఉండమ్మా" అన్నారాయన మంచిగానే. ఫ్యాను కింద పని. బంధువులంతా అదృష్టమన్నారు. నాగులమ్మ కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

వనజకు మాత్రం ఆ కుర్చీ ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. ఆ ఫోన్ తనను స్తంభం ఎక్కమని కాదని తెలిశాక తేలికపడేది, తేలికపడినందుకు సిగ్గుపడేది. ఏఈ గారు ఎవరితో గుసగుసగా మాట్లాడినా అది తన గురించేనేమో అనిపించేది. ఇంట్లో గ్రైండర్ స్విచ్ వేయాలన్నా ముందు వేలి వెనక భాగంతో తాకి చూసేది. ఫ్రిజ్ తలుపు కూడా అంతే. నరేంద్ర చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

దసరా ముందు తనతో పాటు చేరినవాళ్లందరికీ పై గ్రేడు వచ్చింది. వనజ కాగితం వెనక్కి వచ్చింది. లైన్ పని చేయడం లేదు కాబట్టి ఇప్పుడు పరిశీలించలేమన్నారు. వాళ్ల బ్యాచ్ వాట్సాప్ గ్రూపంతా అభినందనలతో నిండిపోయింది. తనూ అందరికీ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. నరసరావుపేట పరీక్షలో ఆమె పక్కనే నిలబడ్డ యశస్విని ఆమెకు విడిగా ఒక వీడియో పంపింది. కోటు వేసుకున్నాయన వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, పడిపోవడం తప్పు కాదు, లేవకపోవడం తప్పు అని చెబుతున్నాడు. అది చూశాక ఫోన్ అలాంటివే ఇంకా ఇంకా చూపించింది. వనజ అన్నీ చూసేది. చూసినంతసేపు రేపు పొద్దున్నే ఎక్కేస్తాననిపించేది. పొద్దున్న ఆఫీసు గేటు ముందున్న స్తంభం వైపు తల ఎత్తలేకపోయేది. అంతమంది లేవగలిగితే తను ఎందుకు లేవలేకపోతోందన్న దిగులు అదనంగా వచ్చి చేరింది. చివరికి ఆ వీడియోలు చూడడం మానేసింది.

ఒకరోజు ఊరి మంచినీళ్ల ట్యాంకు మీద దీపం పోయింది. అది చూడ్డానికి కృష్ణయ్యతో పాటు వనజ కూడా వెళ్లింది. ఆయన మోకాళ్లు పట్టుకుని ఆగిపోతే, "ఉండండి బాబాయ్, నేను చూసొస్తా" అని ఆమె ఆ ఇనప మెట్లన్నీ ఎక్కి పైన నిలబడింది. స్తంభానికి రెండింతల ఎత్తు. గాలి కొడుతోంది. అవతల చేలు, రోడ్డు మీద పోయే మాచర్ల బస్సు కనిపిస్తున్నాయి. చేతులు వణకలేదు. ఆ సంగతి కింద నుంచి చూస్తున్న కృష్ణయ్యకే ముందు తట్టింది.

ఆమె దిగి వచ్చాక, "ఎత్తంటే భయం లేదు గందా నీకు. మరి ఏందమ్మా?" అని అడిగాడు.

వనజ నేల చూస్తూ, "మీరు లైన్ ఆఫ్ అంటే నమ్మలేకపోతున్నా బాబాయ్" అంది.

కృష్ణయ్య ముఖం నల్లబడింది. జేబులోంచి చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన కోపం తెచ్చుకున్నాడని వనజ భయపడింది. ఇంక ఆఫీసులో తన తరఫున మాట్లాడే మనిషి కూడా ఉండడు అనుకుంది.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పలా" అన్నాడాయన. "స్విచ్ దించా. దించిందే చెప్పా."

"తెలుసు బాబాయ్. మీ తప్పని కాదు."

"అప్పట్నుంచీ నాకూ ఆ మాట నోటికి రావట్లా. రెండుసార్లు ఎనక్కి పోయి చూసొస్తన్నా. నీకు చెప్పలా అంతే." ఆయన ట్యాంకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నమ్మమాక. నా మాటే కాదు, ఎవరి మాటా నమ్మమాక. స్విచ్ నువ్వే దించుకో. ఫ్యూజులు నువ్వే పీకి నీ జేబులో ఏసుకో. రాడ్డు నువ్వే తగిలించుకో. ఎంతసేపైనా కానీ, కింద నేను నిలబడతా. తిట్టేవాళ్లు నన్ను తిడతారు."

మర్నాడు ఏఈ గారిని అడిగి ఇద్దరూ పొలాల్లోకి వెళ్లారు. వనజ స్విచ్ దించింది, ఫ్యూజులు తీసి జేబులో వేసుకుంది, కర్రకు కట్టిన టెస్టర్‌తో ఒక్కో తీగా చూసింది. రాడ్డు తగిలించింది. మళ్లీ మొదటి నుంచీ చూసింది. నిచ్చెన ఎక్కింది. సగం దాకా వెళ్లి దిగి వచ్చేసింది. "ఇయ్యాల్టికి చాల్లే" అన్నాడు కృష్ణయ్య. ఇంకో రోజు సగం దాటింది. ఆ తర్వాతి రోజు సగం కూడా చేరలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. తగ్గుతోందనుకున్న భయం తిరిగి మొదటికి వచ్చిందని బెంగపడింది. నరేంద్ర కంచం ముందు కూర్చుని, "ఏమే, నా లెక్క నీకు సరిపోలేదు గందా. నీ లెక్క నువ్వు చూసుకో" అన్నాడు. అతను ఇచ్చిన సలహాల్లో ఆమెకు ఉపయోగపడింది అదొక్కటే.

ఒక పొద్దున ఆమె పైదాకా వెళ్లింది. తీగను తాకలేదు. కళ్లు మూసుకుని బెల్టు పట్టుకుని ఉండి, దిగింది. తర్వాత వారం తాకింది.

కార్తీకమాసంలో తుపాను గాలికి ఊరి మధ్య స్తంభం మీద తీగ తెగింది. పక్క ఊరి లైన్‌మన్ అతని ఊళ్లో పనిలోనే ఉన్నాడు. మధ్యాహ్నం కావస్తున్నా కరెంటు లేదు. ఖైరున్నీసా పిండిమర ముందు బియ్యం గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు, సెల్‌ఫోన్లు చచ్చిపోయాయని మగవాళ్లు, స్తంభం చుట్టూ జనం. కృష్ణయ్య, వనజ వచ్చారు. వనజ స్విచ్ దించి, ఫ్యూజులు తీసి, రాడ్డు తగిలించి కూడా ఎక్కలేదు. ఆ వీధిలో జనరేటరు ఎవరికి ఉందో, ఇన్వర్టరు ఎవరికి ఉందో ఇల్లిల్లూ తిరిగి చూడడం మొదలుపెట్టింది.

"ఏంది ఈమె, కరెంటు ఇయ్యమంటే ఇళ్లు చూస్తా ఉంది" అన్నాడొకాయన.

"చేతగాకపోతే చెప్పమనండి, వేరేవాళ్లని పిలిపిస్తాం" అన్నాడు ఇంకొకాయన ఫోన్ తీస్తూ.

ఆ మాట వనజ వీపుకు తగిలింది. చేతిలో టెస్టర్ చెమటకు జారుతోంది. చేతగాదని ఈ నడివీధిలో తేలిపోతే ఇక ఉద్యోగం ఉండదనిపించింది. ఒక్క క్షణం, మిగిలిన ఇళ్లు వదిలేసి ఎక్కేద్దామా అని కూడా అనిపించింది. ఖైరున్నీసా పిండి చేతులు పైటకు తుడుచుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది.

"పిండి రేపైనా ఆడించుకోవచ్చు. ఆమె పని ఆమెని చేసుకోనీండి" అంది జనంతో. వనజ వైపు తిరిగి, "చివరింట్లో జనరేటరు ఉంది. నువ్వు దిగిందాకా నేను దాని దగ్గరే కూచుంటా, పో" అంది.

"ఎవరి చెయ్యీ దాని మీద పడనీయమాక అక్కా."

"నేనుండంగా ఎవరేస్తారు?"

వనజ మిగిలిన ఇళ్లు కూడా చూసింది. వాటిల్లో ఏమీ లేదు. ఎక్కింది. తడి స్తంభం, తడి చెప్పులు. పైన బెల్టు బిగించుకున్నాక కుడి చెయ్యి తీగకు జానెడు దూరంలో ఆగిపోయింది. కింద మాటలన్నీ ఆగిపోయినట్టనిపించింది. నిజానికి ఆగలేదు. ఆమెకే వినపడలేదు. జేబు మీద చెయ్యి పెట్టి ఫ్యూజులు ఉన్నాయో లేదో చూసుకుంది. రాడ్డు వైపు చూసింది. తర్వాత తీగ పట్టుకుంది. చల్లగా, తడిగా, ఉత్త తీగలా ఉంది.

కరెంటు వచ్చాక జనం ఎవరి దారిన వాళ్లు పోయారు. "ఊరికే అంతసేపు తినేసింది" అని ఫోనాయన అనుకుంటూ వెళ్లడం వనజకు వినిపించింది. ఆయన అన్నదీ నిజమే, ఆ రోజు చూసిన ఇళ్లలో ఏ తప్పూ లేదు. ఆమె రాడ్డుకున్న తీగ చుట్టబోతే అది రెండుసార్లు జారిపోయింది. కృష్ణయ్య అది చూసి, తనే చుట్టి బండికి కట్టాడు.

కృష్ణయ్య ఆ మరుసటి సంవత్సరం రిటైరయ్యాడు. ఆయన వెళ్లే ముందే వనజ కాగితం మళ్లీ పైకి పంపించారు. గ్రేడు తన బ్యాచ్‌వాళ్ల కంటే ఏడాది పైగా ఆలస్యంగా వచ్చింది. జీతంలోనూ ఆ తేడా అలాగే ఉండిపోయింది. నాగులమ్మ ఇప్పటికీ గాలి లేస్తే చాలు, కూతురికి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతుంది. భయం పోయిందా అని ఎవరైనా అడిగితే వనజ లేదనే చెబుతుంది. ఫోన్ మోగినప్పుడు ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. ఏడాదిలో కొన్ని రోజులు సగంలోంచి దిగి వచ్చి, ఇంకోసారి అన్నీ చూసుకుని ఎక్కుతుంది. ఆలస్యం చేస్తుందన్న పేరు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆమెకు స్థిరపడిపోయింది.

మొన్న మాచర్ల రోడ్డు పక్కన ఆమె స్తంభం మీద పనిలో ఉండగా నరేంద్ర టిప్పర్ కింద నుంచి పోయింది. అతను గట్టిగా హారన్ కొట్టాడు. ఆమె తల తిప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక, "కనపళ్లేదా నేను?" అన్నాడు.

"కనపడ్డావు. చేతులు ఖాళీ లేవు" అంది వనజ, బియ్యం కడుగుతూ.